వర్క్‌షాపు మెషిన్ల రికార్డులు సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పది, ఇరవై మెషిన్లతో నడిచే వర్క్‌షాపుల కోసం ఈ పేజీ. స్టాకు, బిల్లులు ఎలాగోలా సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేస్తారు. మెషిన్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. ఏ వివరం ఎక్కడ రాయాలో, ఎంతవరకు రాయాలో చెప్పేవాళ్లు దొరకరు.

ఇక్కడి సమాధానాలు ఈఆర్‌పీనెక్స్ట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇది ముంబైలోని ఫ్రాపే సంస్థ తయారుచేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. మెనూ పేర్లు వెర్షన్ 15 ప్రకారం ఇచ్చాం. మీరు వేరే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పేర్లు మారతాయి కానీ పని వరస ఇంచుమించు ఇదే.

ఒక్క లేత్‌కి వర్క్‌స్టేషన్ అని ఒకటి, అసెట్ అని ఇంకొకటి ఎందుకు? ఒకే రికార్డు చాలదా?

చాలదు. అందరూ మొదట తడబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

మీ షెడ్డులో ఉన్న ఒకే మెషిన్‌ని ముగ్గురు మూడు రకాలుగా చూస్తారు. ప్రొడక్షన్ చూసే సూపర్‌వైజర్‌కి అది ఖాళీగా ఉందా, గంటకి ఎంత ఖర్చవుతుంది, ఏ షిఫ్టులో నడుస్తుంది అన్నవి కావాలి. దానికి వర్క్‌స్టేషన్ రికార్డు. అకౌంటెంట్‌కి ఎప్పుడు కొన్నారు, ఎంతకి కొన్నారు, ఇప్పటికి విలువ ఎంత మిగిలింది అన్నవి కావాలి. దానికి అసెట్ రికార్డు. మెయింటెనెన్స్ ఫిట్టర్‌కి ఆయిల్ ఎప్పుడు మార్చాలి, పోయినసారి ఏం పాడైంది అన్నవి కావాలి. దానికి అసెట్ మెయింటెనెన్స్, అసెట్ రిపేర్ అనే రికార్డులు. ఇవి రెండూ అసెట్‌కే ముడిపడి ఉంటాయి.

ఈ మూడు చూపులూ ఎప్పుడూ ఒకదానికొకటి సరిపోవు. ఉదాహరణకి, ఫిట్టింగ్ టేబుల్ ఒక వర్క్‌స్టేషనే, ఎందుకంటే అక్కడ మనిషి గంటలు ఖర్చవుతాయి. కానీ దాన్ని అసెట్‌గా ఎవరూ రాయరు. ఎయిర్ కంప్రెసర్ ఖరీదైన అసెట్, మెయింటెనెన్స్ కూడా ఎక్కువే. కానీ దాని మీద ఏ జాబూ నడవదు కాబట్టి వర్క్‌స్టేషన్ అక్కర్లేదు.

చిక్కేమిటంటే, వర్క్‌స్టేషన్‌కీ అసెట్‌కీ మధ్య సాఫ్ట్‌వేర్ తనంతట తాను లింకు పెట్టదు. కస్టమైజ్ ఫారంలోకి వెళ్లి వర్క్‌స్టేషన్ ఫారంలో లింక్ రకం ఫీల్డ్ ఒకటి కలిపి, అది అసెట్‌ను చూపేలా పెట్టుకోండి. పది నిమిషాల పని. ఇది చేయకపోతే ఏడాది తర్వాత "ఈ జాబ్ నడిచిన మెషిన్‌కి రిపేరుకి ఎంత పెట్టాం?" అన్న ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

కంప్యూటర్ దగ్గర కాదు, షెడ్డులో. ఒక మనిషి పుస్తకం, పెన్ను, ఫోన్ కెమెరా పట్టుకుని ప్రతి మెషిన్ దగ్గరికీ వెళ్లి నేమ్‌ప్లేట్ ఫోటో తీయాలి. పాత మెషిన్ల నేమ్‌ప్లేట్ల మీద గ్రీజు పేరుకుని ఉంటుంది, కొన్నింటి మీద రంగు వేసేసి ఉంటారు. కిరసనాయిలుతో తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూస్తే అచ్చు అక్షరాలు కనిపిస్తాయి.

తర్వాత ప్రతి మెషిన్‌కీ ఒక నెంబరు ఇచ్చి, అది మెషిన్ ఒంటి మీద పెయింట్ చేయించండి. దసరాకి ఆయుధ పూజ ముందు మెషిన్లన్నీ ఎలాగూ కడిగి రంగులు వేస్తారు, నెంబర్లు రాయించడానికి అంతకంటే మంచి అదను ఉండదు. అంతవరకు ఆగలేకపోతే రేపే రాయించండి. మెషిన్ మీద కనిపించని నెంబరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నైట్ షిఫ్టులో మెషిన్ ఆగిపోయినప్పుడు ఆపరేటర్ ఫోన్ చేసి "ఆ మూలనున్న లేత్" అంటే ఏ రికార్డూ ఉపయోగపడదు.

ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వరస ఇది: ముందు లొకేషన్లు, అసెట్ కేటగిరీలు, తర్వాత వర్క్‌స్టేషన్ టైపులు, వర్క్‌స్టేషన్లు, తర్వాత ఆపరేషన్లు, రూటింగ్ (ఆపరేషన్ల వరస), అవి అయ్యాకే బీఓఎం (ఒక వస్తువు తయారీకి కావాల్సిన సామాను, ఆపరేషన్ల జాబితా). అసెట్లని అకౌంటెంట్ వేరుగా ఎక్కించుకోవచ్చు, దానికోసం ప్రొడక్షన్ ఆపక్కర్లేదు.

నెంబర్లు ఎలా ఇవ్వాలి?

చిన్నగా, మారకుండా. మెషిన్ రకానికి రెండు మూడు అక్షరాలు, పక్కన రెండంకెలు: లేత్‌లకి ఎల్‌టీ-01, ఎల్‌టీ-02; వీఎంసీలకి (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే నిలువు మెషినింగ్ సెంటర్లు) వీఎం-01; సర్ఫేస్ గ్రైండర్‌కి ఎస్‌జీ-01. నెంబరులో షెడ్డు పేరు, కంపెనీ పేరు, కొన్న సంవత్సరం ఇరికించకండి. మెషిన్ ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి మారుతుంది, అప్పుడు నెంబరు అబద్ధం చెబుతుంది. ఆ వివరాలకి వేరే ఫీల్డులు ఉన్నాయి.

అమ్మేసిన మెషిన్ నెంబరు కొత్తదానికి ఇవ్వొద్దు. ఎల్‌టీ-03 పోతే కొత్తది ఎల్‌టీ-07 అవుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే నష్టం లేదు. పాత జాబ్ కార్డులన్నీ (ఏ పని ఏ మెషిన్ మీద నడిచిందో చూపే రికార్డులు) ఆ నెంబరుతోనే ఉంటాయని మర్చిపోకండి.

అసెట్ రికార్డులకి సాఫ్ట్‌వేర్ తన సొంత వరస నెంబరు ఇస్తుంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, అసెట్ పేరు గడిలో మీ నెంబరు రాయండి.

పేర్లు తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు, సాఫ్ట్‌వేర్‌కి ఏ ఇబ్బందీ లేదు. మా సలహా: నెంబరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఆపరేటర్లు చదవాల్సిన సూచనలు, మెయింటెనెన్స్ చెక్‌లిస్టు తెలుగులో. మీ దగ్గర బిహార్, ఒడిశా నుంచి వచ్చిన ఆపరేటర్లు ఉంటే హిందీ వరస ఒకటి కింద జత చేయండి. చెక్‌లిస్టు చదవలేని మనిషి చేత టిక్కులు పెట్టించడం వల్ల మెషిన్‌కి ఏ మేలూ జరగదు.

మెషిన్ గురించి ఏయే వివరాలు రాసుకోవాలి?

తయారీదారు, మోడల్, సీరియల్ నెంబరు, సంవత్సరం, ఇవి అందరూ రాస్తారు. అసలు అక్కరకొచ్చేవి మిగతావి.

మొదట, మెషిన్ సామర్థ్యం. లేత్ అయితే బెడ్ మీద ఎంత వ్యాసం తిరుగుతుంది, సెంటర్ల మధ్య దూరం ఎంత, స్పిండిల్ బోర్ ఎంత, చక్ సైజు ఎంత. వీఎంసీ అయితే ఎక్స్, వై, జడ్ కదలికలు, టేబుల్ ఎంత బరువు మోస్తుంది, టూల్ మేగజీన్‌లో ఎన్ని టూల్స్ పడతాయి. కొత్త ఎంక్వైరీ వచ్చినప్పుడు డ్రాయింగ్ చూసి "ఇది మన దగ్గర పడుతుందా" అని చెప్పాల్సింది ఆఫీసులో కూర్చున్న మనిషి. ఆయన ప్రతిసారీ షెడ్డులోకి పరిగెత్తక్కర్లేకుండా ఉండాలి.

రెండోది, మెషిన్ ఆగినప్పుడు కావాల్సినవి. వి-బెల్టు సైజు, మెయిన్ బేరింగ్ నెంబర్లు, హైడ్రాలిక్ ఆయిల్ గ్రేడు, ఫిల్టర్ పార్టు నెంబరు, మోటారు కిలోవాట్లు. పాత హెచ్‌ఎంటీ లేత్, ప్రాగా గ్రైండర్ లాంటివి ఇంకా చాలా షెడ్డుల్లో నడుస్తున్నాయి. వాటికి ఇది మరీ ముఖ్యం. విప్పిన ప్రతిసారీ బేరింగ్ మీద నెంబరు చదివి రికార్డులో రాసేయండి, మళ్లీ విప్పేదాకా ఆ అవకాశం రాదు.

మూడోది సీఎన్‌సీ (కంప్యూటర్ కంట్రోల్‌తో నడిచే) మెషిన్లకి: కంట్రోలర్ పేరు, వెర్షన్, మెమరీ బ్యాటరీ రకం, బ్యాటరీ పోయినసారి మార్చిన తేదీ, పారామీటర్ల బ్యాకప్ ఎక్కడుంది. ఈ ఒక్క పేరా కోసమైనా ఈ పేజీ చదవండి అంటాం. ఫానక్ లాంటి కంట్రోలర్లలో పారామీటర్లు, ప్రోగ్రాములు నిలబెట్టేది చిన్న బ్యాటరీ. అది పూర్తిగా చచ్చిపోతే మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది, మెషిన్ బాగానే ఉన్నా నడవదు. బ్యాకప్ లేకపోతే సర్వీస్ ఇంజినీరు వచ్చేదాకా ఎదురుచూడాలి. కాబట్టి బ్యాకప్ ఫైలుని మెషిన్ రికార్డుకే అటాచ్ చేయండి. ఒక కాపీ వేరే చోట కూడా ఉంచండి. బ్యాటరీ మార్చేటప్పుడు కంట్రోలర్ ఆన్‌లో ఉండాలా లేదా అన్నది మీ మాన్యువల్ చూసి ఆ రికార్డులోనే పెద్ద అక్షరాల్లో రాయండి.

మాన్యువల్, ఎలక్ట్రికల్ డ్రాయింగు స్కాన్ చేసి అటాచ్ చేయండి. బరువు కూడా రాయండి, షిఫ్టింగ్‌కి క్రేన్ పిలిచినప్పుడు మొదట అడిగేది అదే.

మా దగ్గర ఒకే రకం లేత్‌లు ఐదున్నాయి. ఐదు రికార్డులు పెట్టాలా, ఒకటి పెట్టి కెపాసిటీ 5 అని రాయాలా?

ఐదు పెట్టండి. వర్క్‌స్టేషన్‌లో ఒకేసారి ఎన్ని జాబ్‌లు నడవగలవో చెప్పే గడి ఉంది, మామూలుగా అందులో 1 ఉంటుంది. దాన్ని 5 చేస్తే ప్లానింగ్ వరకు సరిపోతుంది. కానీ ఏ లేత్ మీద రిజెక్షన్ ఎక్కువ, ఏది తరచూ ఆగుతోంది అన్నది ఎప్పటికీ తెలియదు.

ఐదింటికీ కలిపి వర్క్‌స్టేషన్ టైపు ఒకటి పెట్టండి. గంట రేటు అక్కడ రాస్తే కింది మెషిన్లకి అదే వస్తుంది. బీఓఎం ఆపరేషన్‌లో ఫలానా మెషిన్ అని కాకుండా టైపు ఇస్తే, ఏ మెషిన్ ఖాళీగా ఉంటే దానికి జాబ్ వెళ్తుంది.

కెపాసిటీ గడి నిజంగా కావాల్సింది హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నెస్, ప్లేటింగ్ ట్యాంకు లాంటి వాటికి. వాటిలో రెండు మూడు జాబ్‌లు నిజంగానే కలిసి నడుస్తాయి.

గంట రేటు ఎలా లెక్కకట్టాలి?

వర్క్‌స్టేషన్‌లో కరెంటు, కన్జ్యూమబుల్స్, అద్దె, జీతం అని నాలుగు గడులుంటాయి. నాలుగూ కలిపి గంట రేటు వస్తుంది. గడులు నింపడం తేలికే. దేనితో భాగించాలి అన్న దగ్గరే అందరూ జారిపోతారు.

ఒక సీఎన్‌సీ లేత్ తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే. రెండు షిఫ్టులు, నెలకి 25 రోజులు, అంటే 400 గంటలు. కానీ సెట్టింగు, మెటీరియల్ కోసం ఆగడం, కరెంటు, రిపేర్లు పోను మెషిన్ నిజంగా లోహం కోసేది 300 గంటలు.

కరెంటు గంటకి 6 యూనిట్లు, యూనిట్ 8 రూపాయలు, అంటే 48. ఇక్కడ మోటారు నేమ్‌ప్లేట్ మీది కిలోవాట్లు వేయకండి, మెషిన్ ఎప్పుడూ ఫుల్ లోడు మీద నడవదు. క్లాంప్ మీటరుతో కొలిపించండి. ఇన్‌సర్టులు, కూలెంట్, ఆయిల్ నెలకి 12,000 అయితే గంటకి 40. షెడ్డు అద్దెలో ఈ మెషిన్ వాటా 6,000 అయితే 300తో భాగించి 20. ఇద్దరు ఆపరేటర్లకి పీఎఫ్, ఈఎస్‌ఐతో కలిపి తలా 24,000 అయితే మొత్తం 48,000, గంటకి 160. కలిపితే 268.

ఇందులో మెషిన్ ఖరీదు లేదు. 24 లక్షల మెషిన్, 5 శాతం మిగులు విలువ తీసేసి 15 ఏళ్లకి పంచితే ఏడాదికి 1,52,000. ఏడాదికి 3,600 గంటలతో భాగిస్తే సుమారు 42. దీనికి ప్రత్యేకంగా గడి లేదు, చాలామంది అద్దె గడిలో కలుపుతారు, అలా చేయొచ్చు. దాంతో గంట రేటు 310 అయింది.

ఇప్పుడు అద్దె, జీతం, మెషిన్ ఖరీదు 300 గంటలతో కాకుండా 400తో భాగించి చూడండి. రేటు 255 దగ్గర ఆగుతుంది. గంటకి 55 రూపాయల తేడా. 300 గంటలకి 16,500, ఒక్క మెషిన్ మీద, ఒక్క నెలలో. కొటేషన్ గెలిచామని సంతోషిస్తాం, నెలాఖరున డబ్బు ఎటు పోయిందో అర్థం కాదు. ఖాళీ గంటల జీతాన్ని కూడా నడిచే గంటలే మోస్తాయి, అందుకే నిజంగా నడిచిన గంటలతోనే భాగించాలి.

బ్యాంకు ఈఎంఐ ఈ రేటులో కలపొద్దు. అప్పు అసలు భాగం డిప్రిసియేషన్ (మెషిన్ విలువ ఏటా తరిగే లెక్క) రూపంలో ఇప్పటికే వచ్చేసింది, వడ్డీని వేరే ఖర్చుగా చూడండి. రేటు మార్చిన ప్రతిసారీ బీఓఎంలో అప్‌డేట్ కాస్ట్ నొక్కాలి, లేకపోతే పాత ఖర్చే చూపిస్తూ ఉంటుంది.

నైట్ షిఫ్టు టైమింగ్ తీసుకోవడం లేదు, ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

వర్కింగ్ అవర్స్ పట్టికలో మొదలయ్యే సమయం ముగిసే సమయం కంటే ముందుండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 అని ఒకే వరసలో రాస్తే ఒప్పుకోదు. రెండు వరసలుగా విడగొట్టండి: 22:00 నుంచి 23:59 వరకు ఒకటి, 00:00 నుంచి 06:00 వరకు ఇంకొకటి. ఆ ఒక్క నిమిషం గురించి టెన్షన్ పడక్కర్లేదు.

సెలవులు, పవర్ హాలిడేల సంగతి?

వర్క్‌స్టేషన్‌కి హాలిడే లిస్టు జత చేయండి. సంక్రాంతి, ఉగాది, దసరా, వారపు సెలవు అందులో ఉండాలి. జీతాల కోసం ఆఫీసు వాడే లిస్టుకి, మెషిన్ల లిస్టుకి తేడా ఉంటుంది కాబట్టి మెషిన్లకి వేరే లిస్టు పెట్టుకోవడం మంచిది. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి వారానికి ఒక రోజు పవర్ హాలిడే ప్రకటించారు. అలాంటిది వచ్చినప్పుడు మెషిన్ల లిస్టులో ఆ తేదీలు కలిపితే చాలు, డెలివరీ తేదీలు మళ్లీ నిజానికి దగ్గరగా వస్తాయి. డీజిల్ జనరేటర్ మీద నడిపే మెషిన్లని మాత్రం ఆ లిస్టు నుంచి తప్పించండి.

వర్క్ ఆర్డర్ (తయారీ ఆర్డరు) సబ్‌మిట్ చేస్తే టైమ్ స్లాట్ దొరకలేదు అంటోంది.

సాఫ్ట్‌వేర్ మామూలుగా ముందున్న 30 రోజుల్లో ఖాళీ వెతుకుతుంది. దొరకకపోతే ఇలా అంటుంది. చాలాసార్లు అసలు కారణం పాత వర్క్ ఆర్డర్లు. పని అయిపోయినా జాబ్ కార్డులు మూయకపోతే మెషిన్ ఇంకా బిజీగానే కనిపిస్తుంది. ముందు వాటిని మూయండి. అప్పటికీ రాకపోతే మాన్యుఫ్యాక్చరింగ్ సెట్టింగ్స్‌లో ఆ రోజుల సంఖ్య పెంచండి.

ఒక ఆపరేషన్ మెషిన్ పనిగంటల కంటే పొడవుగా ఉందని ఇంకో రకం ఎర్రర్ వస్తుంది. దాన్ని రెండు ఆపరేషన్లుగా విడగొట్టాలి, లేదా ఓవర్‌టైమ్‌కి అనుమతించాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మొదటి రెండు మూడు నెలలు కెపాసిటీ ప్లానింగ్ (మెషిన్ల ఖాళీ చూసి తేదీలు వేసే ఏర్పాటు) ఆపేసి ఉంచడంలో తప్పులేదు. సైకిల్ టైములు సరిగ్గా లేనప్పుడు అది ఇచ్చే తేదీలు ఎలాగూ నమ్మదగ్గవి కావు.

అసెట్ రికార్డులో డిప్రిసియేషన్ ఎలా పెట్టాలి?

ఇది మీ ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ముందే తెలిసి ఉంటే మాట్లాడటం సులువు కాబట్టి కొంత చెబుతాం. ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం మామూలు యంత్రాలకి 15 ఏళ్ల ఆయుష్షు, మిగులు విలువ మామూలుగా 5 శాతం మించకూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మామూలు యంత్రాలు 15 శాతం బ్లాకులోకి వస్తాయి, తగ్గుతూ వచ్చే విలువ పద్ధతిలో. కొన్న ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. రెండు లెక్కలూ వేరు కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫైనాన్స్ బుక్‌లు పెట్టుకోవచ్చు.

రెండు షిఫ్టులు నడిపితే ఆ కాలానికి కంపెనీ చట్టం లెక్కలో 50 శాతం అదనంగా, మూడు షిఫ్టులు నడిపితే రెట్టింపు డిప్రిసియేషన్ వస్తుంది. స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో షిఫ్టుల ప్రకారం లెక్కకట్టే ఏర్పాటు వెర్షన్ 15లో ఉంది.

అసెట్‌కి ముందు ఐటెం చేయాలి, అందులో ఫిక్స్‌డ్ అసెట్ అని టిక్ పెట్టాలి. హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకం చెప్పే నెంబరు) చూసుకోండి: లేత్‌లు 8458లో, మెషినింగ్ సెంటర్లు 8457లో వస్తాయి.

సాఫ్ట్‌వేర్ రాకముందు కొన్న మెషిన్లు, సెకండ్‌హ్యాండ్ మెషిన్లు ఎలా ఎక్కించాలి?

పాతవాటికి ఎగ్జిస్టింగ్ అసెట్ అని టిక్ పెట్టి, అసలు ఖరీదు, ఇప్పటిదాకా తరిగిన విలువ రాయాలి. ఈ అంకెలు పోయిన బ్యాలెన్స్ షీటులోని అంకెలతో రూపాయి తేడా లేకుండా కలవాలి.

సెకండ్‌హ్యాండ్‌దాన్ని మామూలు కొనుగోలులాగే ఎక్కించండి, మీరు ఇచ్చిన ధరకి. మెషిన్ తయారైన సంవత్సరం వేరే ఫీల్డులో రాయండి. 1985లో తయారైన లేత్‌ని నిరుడు కొంటే, అకౌంటెంట్‌కి అది కొత్త అసెట్, ఫిట్టర్‌కి మాత్రం నలభై ఏళ్ల మెషిన్. ఇద్దరికీ వాళ్ల సంవత్సరం కనిపించాలి.

మెయింటెనెన్స్ షెడ్యూలు పెట్టాం, ఎవరూ పాటించడం లేదు. ఏం చేయాలి?

చాలావరకు తప్పు మనుషులది కాదు, జాబితాది. మాన్యువల్‌లో ఉన్న నలభై పాయింట్లు తెచ్చి ఎక్కించేస్తారు. రోజూ నలభై టిక్కులు అంటే రెండో వారానికి అన్నీ ఒకేసారి పడతాయి.

రోజువారీ పనుల్ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టకండి. ఆయిల్ లెవెల్ చూడటం, చిప్పు (లోహపు తురుము) ఊడ్వటం, కూలెంట్ చూడటం లాంటివి మెషిన్ పక్కన వేలాడదీసిన కార్డు మీద చాలు. సాఫ్ట్‌వేర్‌లో నెలవారీ, మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి వచ్చే పనులు మాత్రమే పెట్టండి, ఒక్కో మెషిన్‌కి ఐదారు మించకుండా. ప్రతి పనికీ ఒక మనిషి పేరు ఉండాలి. "మెయింటెనెన్స్ డిపార్ట్‌మెంట్" అని రాస్తే అది ఎవరి పనీ కాదు.

పెట్టే విధానం: అసెట్‌లో మెయింటెనెన్స్ కావాలి అని టిక్ పెట్టి, మెయింటెనెన్స్ టీమ్ చేసి, అసెట్ మెయింటెనెన్స్‌లో పనులు, ఎన్నాళ్లకోసారి అన్నది రాయాలి. పని పూర్తయినట్టు లాగ్‌లో నమోదు చేస్తే తర్వాతి తేదీ దానంతటదే వస్తుంది.

ఒక పరిమితి ఉంది. ఇది క్యాలెండర్ ప్రకారమే నడుస్తుంది, నడిచిన గంటల ప్రకారం కాదు. కంప్రెసర్ ఆయిల్ ఫలానా గంటలకి మార్చాలి అని మాన్యువల్ చెబితే, మీ దగ్గర నెలకి సగటున ఎన్ని గంటలు నడుస్తుందో చూసి నెలల్లోకి మార్చుకోండి. సీజన్ పెరిగి మూడో షిఫ్టు మొదలైతే ఆ తేదీలు ఇంకా త్వరగా వచ్చేలా మార్చడం గుర్తుంచుకోవాలి.

చట్టం అడిగే తనిఖీలు కూడా ఇందులోనే పెట్టండి: క్రేన్లు, చెయిన్ బ్లాకులు, ఎయిర్ రిసీవర్లు, బాయిలర్ ఉంటే బాయిలర్. సర్టిఫికెట్ గడువు తీరే రోజు కాకుండా దానికి నెల ముందు తేదీ వేయండి, తనిఖీకి వచ్చే నిపుణుడి సమయం దొరకాలి కదా.

బ్రేక్‌డౌన్ ఎక్కడ రాయాలి? డౌన్‌టైమ్ ఎంట్రీలోనా, అసెట్ రిపేర్‌లోనా?

మెషిన్ ఆగిన ప్రతిసారీ డౌన్‌టైమ్ ఎంట్రీ. ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఆగింది, కారణం ఏమిటి అన్నవి చాలు. కారణాల జాబితా సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది: సెట్టింగు ఎక్కువసేపు పట్టడం, అనుకోని మెయింటెనెన్స్, ఆపరేటర్ పొరపాటు, మెషిన్ లోపం, కరెంటు పోవడం వగైరా. డబ్బు ఖర్చయినా, పార్టు మార్చినా దానికి అసెట్ రిపేర్ అదనంగా రాయాలి. స్టోర్ నుంచి తీసిన బేరింగ్, బెల్టు అందులోనే చూపించవచ్చు.

మొదట్లో పదిహేను నిమిషాలు దాటిన ఆగుడు మాత్రమే రాయించండి. ఇంకొక మాట, దీనికంటే ముఖ్యమైనది. ఆపరేటర్ పొరపాటు అని రాసిన ప్రతిసారీ ఆ మనిషిని పిలిచి చివాట్లు పెడితే, ఇక మీదట అన్ని కారణాలూ "మెషిన్ లోపం" అయిపోతాయి. ఆ రికార్డు చూసి మీరు లక్షలు పోసి స్పిండిల్ మార్పిస్తారు. నిజం రాసిన మనిషికి నష్టం కలగకుండా చూడటం యజమాని చేతుల్లో ఉంది, అది ఏ సెట్టింగులోనూ దొరకదు.

వేర్నియర్లు, మైక్రోమీటర్లు, గేజ్‌లు కూడా అసెట్లుగా రాయాలా?

సీఎంఎం (కొలతలు తీసే మెషిన్), ప్రొఫైల్ ప్రొజెక్టర్ లాంటి ఖరీదైన కొలత పరికరాలు అసెట్లే. మామూలు వేర్నియర్ ఖరీదుని అకౌంటెంట్ ఎలాగూ ఖర్చులో రాసేస్తారు. వాటికి సీరియల్ నెంబర్లున్న ఐటెంలుగా రికార్డు పెట్టి, కాలిబ్రేషన్ గడువు తేదీకి ఒక ఫీల్డు కలుపుకోండి. ఐఎస్ఓ 9001 (నాణ్యత ప్రమాణం) ఆడిట్‌లో 7.1.5 క్లాజు కింద అడిగేది ఇదే: ఈ పరికరం సరిగ్గా కొలుస్తుందని రుజువు ఏది? సర్టిఫికెట్ స్కాన్ ఆ సీరియల్ నెంబరుకే అటాచ్ అయి ఉంటే నిమిషంలో చూపించవచ్చు.

అమ్మకానికి వాడే ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలి. ఆ తేదీ కూడా ఇక్కడే ఉండనివ్వండి.

కస్టమర్ ఇచ్చిన డైలు, ఫిక్చర్లు?

అవి మీ ఆస్తి కావు, అసెట్‌లో రాయకూడదు. కానీ రికార్డు తప్పకుండా ఉండాలి. కస్టమర్ ప్రొవైడెడ్ ఐటెంగా చేసి, ఎవరిది, ఎప్పుడు వచ్చింది, వచ్చినప్పుడు ఎలా ఉంది అన్నది ఫోటోతో సహా పెట్టండి. రెండేళ్ల తర్వాత డై అంచు విరిగిందని గొడవ వస్తే ఆ మొదటి రోజు ఫోటోయే మీ తరఫున మాట్లాడుతుంది.

ఎక్సెల్‌లో ఉన్న జాబితా నేరుగా ఎక్కించొచ్చా?

ఎక్కించొచ్చు. డేటా ఇంపోర్ట్‌లో టెంప్లేట్ దించుకుని, అందులోకి మీ వివరాలు కాపీ చేయండి. ముందు రెండు మెషిన్లతో ప్రయత్నించి, అవి సరిగ్గా వచ్చాకే మిగతావి. ఎక్సెల్ సీరియల్ నెంబర్ల ముందున్న సున్నాలు మింగేస్తుంది, పెద్ద నెంబర్లని విరిచేస్తుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా మార్చండి.

ఎవరెవరికి మార్చే అనుమతి ఇవ్వాలి?

గంట రేటు మార్చడం ఒకరిద్దరికే ఉండాలి. డౌన్‌టైమ్ ఎంట్రీ, జాబ్ కార్డు అందరు సూపర్‌వైజర్లకీ. అసెట్ విలువలు అకౌంటెంట్‌కే. ఆపరేటర్లకి లాగిన్ ఇస్తే గంట రేటు, జీతం గడులు కనిపించకుండా పర్మిషన్ లెవెల్ పెట్టండి.

మెషిన్ ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు మీద క్యూఆర్ కోడ్ అంటించి, ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ రికార్డు తెరుచుకునేలా చేయొచ్చు. కూలెంట్ చిమ్మే చోట అంటిస్తే నెల తిరక్కుండా ఊడిపోతుంది.

ఓఈఈ (మెషిన్ ఎంత సమర్థంగా నడిచిందో చెప్పే శాతం) సాఫ్ట్‌వేర్ చూపిస్తుందా?

రికార్డులు సరిగ్గా ఉంటే దానికి కావాల్సిన అంకెలన్నీ దొరుకుతాయి. లెక్క కష్టం కాదు. 480 నిమిషాల షిఫ్టులో విరామం 30 తీస్తే 450. మెషిన్ 60 నిమిషాలు ఆగితే నడిచింది 390. ముక్కకి 3 నిమిషాల సైకిల్‌తో 110 ముక్కలు వచ్చాయి, అందులో 105 పాస్. లభ్యత 86.7 శాతం, వేగం 84.6, నాణ్యత 95.5. మూడూ గుణిస్తే 70 శాతం. 85 శాతం అంటే ప్రపంచ స్థాయి అని పుస్తకాల్లో రాస్తారు, అది చూసి బెంగపడకండి. రోజూ రకరకాల జాబ్‌లు మారే చిన్న షాపుకి ఆ అంకెతో పోలిక సరికాదు. మీ ఎల్‌టీ-02ని పోయిన నెల ఎల్‌టీ-02తో పోల్చండి.

ఆటోమొబైల్ కంపెనీలకి సరఫరా చేసేవాళ్లకి ఐఏటీఎఫ్ 16949 (ఆ రంగపు నాణ్యత ప్రమాణం) ఓఈఈతో పాటు ఎంటీబీఎఫ్, ఎంటీటీఆర్ కూడా అడుగుతుంది. మొదటిది ఒక బ్రేక్‌డౌన్‌కీ ఇంకోదానికీ మధ్య సగటున ఎన్ని గంటలు నడిచింది, రెండోది బాగుచేయడానికి సగటున ఎంతసేపు పట్టింది. రెండూ డౌన్‌టైమ్ ఎంట్రీల నుంచే వస్తాయి.

మెషిన్ అమ్మేశాం. రికార్డు డిలీట్ చేయొచ్చా?

జాబ్ కార్డులు ముడిపడి ఉంటే సాఫ్ట్‌వేర్ డిలీట్ చేయనివ్వదు, మీరూ ప్రయత్నించొద్దు. అసెట్‌లో సెల్ (అమ్మడం) నొక్కితే సేల్స్ ఇన్వాయిస్ వస్తుంది, తుక్కుకి వేస్తే స్క్రాప్ అని ఉంటుంది. వర్క్‌స్టేషన్‌ని బీఓఎంలు, రూటింగ్‌ల నుంచి తీసేసి, పేరు చివర "అమ్మేశాం" అని చేర్చండి. మెయింటెనెన్స్ పనులు ఆపడం మర్చిపోతే లేని మెషిన్‌కి ఆయిల్ మార్చమని ప్రతి మూడు నెలలకీ గుర్తుచేస్తూనే ఉంటుంది. కొన్నవాళ్లకి మాన్యువల్, ఎలక్ట్రికల్ డ్రాయింగు, పారామీటర్ల బ్యాకప్ మెషిన్‌తో పాటే ఇవ్వండి.